ఉద్యోగం మానకుండా సైకాలజీ పీజీ: 2025 తర్వాత సీమలో మిగిలిన దారులు

ఉద్యోగంలో స్థిరపడ్డాక సైకాలజీ చదవాలన్న కోరిక మన జిల్లాల్లో ఎక్కువగా ఉపాధ్యాయుల్లో కనిపిస్తుంది. డీఎస్సీకి చదివే రోజుల్లో మూర్తిమత్వం, అభ్యసన సిద్ధాంతాలు, రక్షక తంత్రాలు అంటూ బట్టీ పట్టినదంతా ఓ పదేళ్లు తరగతి గదిలో గడిపాక కొత్త అర్థంతో గుర్తుకొస్తుంది. వెనక బెంచీలో నోరు విప్పని పిల్లవాడు, పరీక్ష అంటే వాంతి చేసుకునే అమ్మాయి, ఉన్నట్టుండి బడి మానేసిన మంచి విద్యార్థి పుస్తకంలోని అధ్యాయాలుగా కాక ఎదుట నిలబడ్డ మనుషులుగా కనబడతారు. ఉపాధ్యాయుల తర్వాత వరుసలో నర్సులు, కంపెనీల్లో సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు ఉంటారు. అందరూ అడిగేది ఒకటే: ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ ఎక్కడ చేయాలి?

2025 వేసవి దాకా దీనికి ఒక్క ముక్కలో జవాబు ఉండేది: ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అక్కడ ఎమ్మే సైకాలజీలో ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా చేరగలిగేవాళ్లు. రెండేళ్లలో ముగించవచ్చు, వీలు కాకపోతే నాలుగేళ్ల దాకా లాగవచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. రెండో ఏడాది క్లినికల్, కౌన్సెలింగ్, ఇండస్ట్రియల్ అండ్ ఆర్గనైజేషనల్ అనే మూడు విభాగాల్లో ఒకటి ఎంచుకోవాలి. బోధన ఇంగ్లిష్‌లో లేదా హిందీలో ఉండేది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలలు నిఘంటువు పక్కన పెట్టుకోవాల్సి వచ్చేది. అయినా ఆదోని నుంచో ప్రొద్దుటూరు నుంచో ఉద్యోగం వదలకుండా చదవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండేది కాదు.

ఇప్పుడు ఆ జవాబు చెల్లదు. 2025 ఆగస్టులో విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ ఒక ఆదేశం ఇచ్చింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆరోగ్య, అనుబంధ ఆరోగ్య రంగాలకు చెందిన కోర్సులను ఏ విద్యాసంస్థా దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని నడపరాదు, కొత్త ప్రవేశాలు ఇవ్వరాదు. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఆహార పోషకాహార శాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి. బీఏలో తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రంతో పాటు ఒక ఐచ్ఛికంగా సైకాలజీ ఉంటే ఆ ఒక్కదాన్ని తొలగించాలి, మిగతా డిగ్రీ యథాతథంగా నడుస్తుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన ఉమ్మడి రాష్ట్రంలోనే. ఇంటి దగ్గరే కూర్చుని డిగ్రీ చదవడం నాలుగు దశాబ్దాలుగా అలవాటైన ప్రాంతానికి ఈ ఆదేశం మింగుడు పడకపోవడంలో వింత లేదు.

ఈ ఆదేశాన్ని చాలామంది రెండు విధాలుగా తప్పుగా చదువుతున్నారు. పాత డిగ్రీలు చెల్లవేమోనన్నది మొదటి భయం. ఆదేశం కొత్త ప్రవేశాల గురించి. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి నిబంధనల ప్రకారం దూరవిద్యలో పొందిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2020 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి, 2022 సెప్టెంబరులో యూజీసీ అదే మాట మళ్లీ చెప్పింది. 2023లో ఎమ్మే పూర్తి చేసినవాళ్ల పట్టా ఇప్పటికీ పట్టానే. ఇక రెండోది భయం కాదు, ఆశ: ప్రైవేటు విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ కోర్సుకు ఈ ఆంక్ష వర్తించదేమో అని. వర్తిస్తుంది. దూరవిద్య, ఆన్‌లైన్ రెండింటినీ ఆ ఆదేశం పేరు పెట్టి మరీ ఆపింది.

ఇదంతా ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2021 మార్చిలో రూపుదిద్దుకున్న ఒక చట్టం దగ్గరికి వెళ్లాలి. దాని పేరు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు కాకుండా ఆసుపత్రిలో కనిపించే మిగతా అందరినీ, అంటే ఫిజియోథెరపిస్టు, రేడియాలజీ టెక్నీషియన్, డైటీషియన్ వంటివారిని, ఒక గొడుగు కిందికి తెచ్చిన చట్టం ఇది. ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాలు అనే వర్గంలో సైకాలజిస్టులను కూడా చేర్చారు. ఆ ఒక్క చేర్పుతో సైకాలజీ హోదా మారిపోయింది. నిన్నటి దాకా సామాజిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం పక్కన కూర్చున్న ఎమ్మే సబ్జెక్టు చట్టం దృష్టిలో రోగిని తాకే వృత్తి అయింది. అదే చట్టం ఆరోగ్య సంరక్షణ వృత్తినిపుణులు అనిపించుకోవడానికి మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలంటుంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ పది వృత్తులకు ఉమ్మడి పాఠ్యప్రణాళికలు విడుదల చేసినప్పుడు అందులో అప్లైడ్ సైకాలజీ అండ్ బిహేవియరల్ హెల్త్ ఒకటి. రోగిని తాకే వృత్తి అన్న తర్వాత దాన్ని పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్పుతామంటే ఒప్పుకోరు.

గంటల లెక్క పక్కన పెట్టి చూసినా దూరవిద్యలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. అది ప్రయోగశాల పేపరు. ముల్లర్-లయర్ భ్రమ అనే ప్రయోగం దాదాపు ప్రతి సైకాలజీ విద్యార్థీ చేస్తాడు. ఒక పలక మీద రెండు గీతలు. ఒకదానికి చివర్లలో బాణం తలలు లోపలికి ముడుచుకుని ఉంటాయి, రెండోదానికి బయటికి విచ్చుకుని ఉంటాయి. పొడవు సమానమైనా విచ్చుకున్న గీత పెద్దదిగా కనిపిస్తుంది. ఒక గీతను జరపగలిగేలా పలక తయారు చేస్తారు, వెనక మిల్లీమీటర్ల కొలత ఉంటుంది. ప్రయోజ్యుడు, అంటే ప్రయోగంలో పాల్గొనే మనిషి, ముందు కూర్చుని రెండూ సమానంగా కనిపించే దాకా జరుపుతాడు. ప్రయోక్త, అంటే ప్రయోగం చేయించే విద్యార్థి, వెనక కొలత చూసి దోషం రాసుకుంటాడు. కొన్నిసార్లు చిన్నది నుంచి పెద్దదానికి, కొన్నిసార్లు పెద్దది నుంచి చిన్నదానికి జరిపించాలి, లేకపోతే చేతి అలవాటు దోషంలో కలిసిపోతుంది.

వినడానికి ఇంతే. చేసి చూస్తే అసలు పాఠం పలకలో లేదని తెలుస్తుంది. రెండో ప్రయత్నానికే ప్రయోజ్యుడు తలెత్తి ‘సరిగ్గా పెట్టానా సార్?’ అని అడుగుతాడు. అప్పుడు మీరు తల ఊపకూడదు, నవ్వకూడదు, మొహం చిట్లించకూడదు. ముందు రాసిపెట్టుకున్న సూచననే అదే గొంతుతో మళ్లీ చదవాలి. ఎదుటి మనిషిని ప్రభావితం చేయకుండా అతని ముందు ఎలా కూర్చోవాలో నేర్పే మొదటి గంట అది. ఎవరైనా పక్కన నిలబడి ‘మీరు తెలియకుండానే తల ఊపారు’ అని చెబితే తప్ప అది రాదు. దూరవిద్యలో ఆ పక్కన నిలబడే మనిషి కొన్ని కేంద్రాల్లో ఉండేవారు, చాలా కేంద్రాల్లో ఉండేవారు కాదు. రికార్డు పుస్తకాలు మాత్రం అన్ని చోట్లా నిండేవి. ఎలా నిండేవో ఆ రికార్డులు రాసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అందుకే ఆదేశం వెనక ఉన్న కారణాన్ని నేను కాదనను. దాని అమలులోని మొరటుదనం మీదే నా అభ్యంతరం. పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారంలో షిఫ్టు కార్మికుల అలసట, పని మీద ఆసక్తి, గొడవల గురించి అర్థం చేసుకోవాలనుకునే హెచ్‌ఆర్ ఉద్యోగి ఎవరికీ చికిత్స చేయడు. ఇండస్ట్రియల్ సైకాలజీ చదవాలన్న అతని కోరిక, డిప్రెషన్‌కు చికిత్స చేయాలన్న మరొకరి కోరిక ఒకే కాగితంతో ఆగిపోయాయి. క్లినికల్, కౌన్సెలింగ్ విభాగాలను మాత్రమే ఆపి, వారాంతపు ప్రయోగశాల తప్పనిసరి చేసి మిగతాది ఉంచవచ్చు. అలా చేయలేదు. దెబ్బ కూడా అందరికీ ఒకేలా తగలలేదు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో రెగ్యులర్ కళాశాలలు ఉద్యోగికి కాస్త అందుబాటులో ఉంటాయి. ఎమ్మిగనూరులో, రాయచోటిలో ఉండేవారికి దూరవిద్యే రెగ్యులర్.

ఇదంతా జరిగిన సమయం ఇంకా విడ్డూరం. 2025 జులై 25న సుప్రీంకోర్టు విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు చెప్పింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను కనీసం ఒకరినైనా నియమించాలంది. కర్నూలు, అనంతపురం, కడపల్లోని రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు, కోచింగ్ కేంద్రాలు లెక్కపెడితే ఎంతమంది కావాలో ఊహించవచ్చు. ఒక చేత్తో మనుషులు కావాలని, నెల తిరగకముందే మరో చేత్తో ఆ మనుషులు తయారయ్యే చౌకైన దారి వద్దని. రెండు నిర్ణయాలకూ విడివిడిగా కారణాలున్నాయి. కలిపి ఆలోచించిన వాళ్లు మాత్రం లేరు.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? ‘ఎక్కడ చేరాలి’ అన్నదానికంటే ముందు ‘చదివి ఏ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నాను’ అన్నది తేల్చుకోవాలి. సైకాలజీ పీజీ అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు ఉద్దేశాలు కలగాపులగంగా ఉన్నాయి. దారి ఒక్కోదానికి ఒక్కోటి.

క్లినికల్ సైకాలజిస్టు కుర్చీ అన్నిటికంటే కఠినం. ఎమ్మే ఒక్కటే దానికి ఎప్పుడూ చాలలేదు, దూరవిద్య ఉన్న రోజుల్లోనూ చాలలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదా సైకాలజీ పీజీ మీద క్లినికల్ సైకాలజీలో గాని, మెడికల్ అండ్ సోషల్ సైకాలజీలో గాని రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. ఉండాలి, అందులో పర్యవేక్షణ కింద రోగులతో శిక్షణ ఉండాలి. బెంగళూరులో ఇప్పటి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు పూర్వరూపమైన సంస్థ 1955లోనే ఈ చదువును డిప్లొమాగా మొదలుపెట్టింది. అనంతపురం నుంచి నాలుగు గంటల ప్రయాణ దూరంలో ఉన్న ఆ ప్రాంగణంలోనే దేశంలో ఈ వృత్తికి అచ్చు పోశారు. డెబ్బై ఏళ్లుగా ఆ అచ్చు మారలేదు: రెండేళ్లు, ఆసుపత్రి, రోజంతా.

ఆర్‌సీఐలో నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టడం 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం శిక్షార్హం. కొత్త జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్. డిగ్రీని తీసేసినా, ఈ ఒక్క కోర్సుకు, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా యూజీసీ మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో ఏ కోర్సు వచ్చినా ఆసుపత్రి మెట్లు ఎక్కకుండా పూర్తయ్యేది మాత్రం రాదు. కాబట్టి చికిత్స చేయాలన్నది మీ కోరిక అయితే, ఉద్యోగం చేస్తూ అన్న మాటను ఇక్కడే వదిలేయాలి. ముందు రెగ్యులర్ పీజీ, తర్వాత ఆ రెండేళ్లు. పీజీలో 55 శాతం మార్కులు ఎం.ఫిల్.కు సాధారణంగా అడిగే కనీసం, కాబట్టి పాస్ అయితే చాలు అనుకుని చదవకూడదు. నలభై ఏళ్ల వయసులో ఇంటి అప్పు, పిల్లల ఫీజులు పెట్టుకుని ఇందులోకి దిగుతానంటే నేను గట్టిగా వద్దంటాను. ఇరవై ఏడేళ్ల స్టాఫ్ నర్సు అడిగితే అంతే గట్టిగా వెళ్లమంటాను.

కౌన్సెలర్ కుర్చీ కథ వేరు. బడిలో, కళాశాలలో, ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, సలహా ఇచ్చే ఐసీటీసీ కేంద్రంలో, తోడ్పాటు ఇచ్చే స్వచ్ఛంద సంస్థల్లో కౌన్సెలర్ పనికి ఎమ్మే సైకాలజీ ఒక్కటే తాళంచెవి కాదు. ఐసీటీసీ కౌన్సెలర్లుగా సోషల్ వర్క్ పీజీ వాళ్లనూ తీసుకుంటారు. పైన చెప్పిన తీర్పు కూడా సోషల్ వర్కర్‌ను సైకాలజిస్టు పక్కనే నిలబెట్టింది. ఇక ఉపాధ్యాయులకైతే, ఎమ్మే కన్నా బాగా సరిపోయే కోర్సు ఒకటి ఉంది. ఎందుకో మన స్టాఫ్ రూముల్లో దాని పేరు అంతగా వినపడదు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా అది. మొత్తం ఏడాది. మొదటి ఆరు నెలలు ఇంటి దగ్గర స్వయంగా చదువు, తర్వాత మూడు నెలలు కేంద్రంలో ముఖాముఖి ప్రాక్టికల్స్, చివరి మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. దక్షిణాది రాష్ట్రాలకు కేంద్రం మైసూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్. అంటే ఉద్యోగానికి దూరంగా ఉండాల్సింది మూడు నెలలే. కర్నూలు నుంచి మైసూరు దగ్గరేమీ కాదు, మూడు నెలల సెలవుకు పైవాళ్లను ఒప్పించడం అంతకన్నా దూరం. అయినా రెండేళ్ల సెలవు దొరకని మనిషికి ఇది నిజంగా అందే మెట్టు. పని నేర్పే తీరులో దూరవిద్య ఎమ్మే కన్నా ఇది ఎంతో నిజాయితీగల కోర్సు, చదువును ఇంట్లో, సాధనను మనుషుల మధ్య పెట్టింది కాబట్టి.

మూడో ఉద్దేశం వృత్తి మారడం కాదు, ఉన్న పనిలో మనుషులను ఇంకా బాగా అర్థం చేసుకోవడం. ఇలాంటివాళ్లకు డిగ్రీ అవసరమా అని నేను ఎదురు అడుగుతాను. పదోన్నతికో ఇంక్రిమెంటుకో పట్టా కావాలంటే ఆ మాట ఒప్పుకుని, ఆ పదోన్నతికి ఏ పట్టా పనికొస్తుందో ముందు శాఖ నిబంధనల్లో చూసుకోవాలి. హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లకు దూరవిద్యలో ఎంబీఏ ఇంకా తెరిచే ఉంది. తెలుసుకోవాలన్న కోరికే అయితే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో సైకాలజీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, పరీక్షకు మాత్రం రుసుము కడితే ధ్రువపత్రం ఇస్తారు. డిగ్రీ నిబంధనలు అనుమతిస్తే 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం కోర్సుల నుంచి తీసుకోవచ్చని యూజీసీ 2021లో చెప్పింది. విద్యార్థి క్రెడిట్లు దాచుకునే ఆన్‌లైన్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్‌లో అవి ఏడేళ్లు నిలువ ఉంటాయి. మూడేళ్ల తర్వాత రెగ్యులర్ పీజీలో చేరే ఆలోచన ఉన్నవాళ్లకు ఇది ఉపయోగపడవచ్చు, కానీ ఆ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

రెగ్యులర్ పీజీకి మన దగ్గర ఉన్నవి తక్కువే. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. దక్షిణాన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోది పేరున్న పాత విభాగం. ఇలాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ రాయాలి. 2018లో అనంతపురంలో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రవేశాలు జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా జరుగుతాయి, ఏ ఏడాది ఏ సబ్జెక్టులు ఇస్తున్నారో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. తరగతులు పగటిపూటే, హాజరు 75 శాతం. కడప పట్నంలో ఉద్యోగం చేసేవాళ్లు కూడా పగలు బ్యాంకులో, పగలే తరగతిలో ఉండలేరు. ప్రభుత్వ ఉద్యోగులకు అధ్యయన సెలవు అనే ఏర్పాటు ఉంది గాని సెలవు హక్కు కాదు, మంజూరు చేసేవాళ్ల ఇష్టం. ప్రైవేటు ఉద్యోగులకు ఆ మాట కూడా ఉండదు, రాజీనామాయే.

రెండేళ్ల విరామం దొరికినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సైకాలజీలో మొదటి దెబ్బ ఫ్రాయిడ్ కొట్టడు, గణాంకశాస్త్రం కొడుతుంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ పరీక్ష, అనోవా. బీఏ తెలుగు, చరిత్ర చదివి పదిహేనేళ్లయినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో నీరుగారిపోయేది ఇక్కడే. ప్రవేశ పరీక్షకు ముందే ఇంటర్మీడియట్ గణాంకాల పుస్తకం ఒకటి తిరగేస్తే ఆ దెబ్బ సగం తగ్గుతుంది.

ఇప్పటికే దూరవిద్యలో చేరి మధ్యలో ఉన్నవాళ్లు కోర్సు వదిలేయకూడదు. ఇగ్నో ఎమ్మేలో 64 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు అని లెక్క, అంటే 1,920 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి 18 గంటలకు పైన. నాలుగేళ్లకు పరిస్తే వారానికి తొమ్మిది. ఉద్యోగం, ఇల్లు చూసుకునే మనిషికి ఆ తొమ్మిదే నిజమైన లెక్క, రెండేళ్లలో చేసేస్తానన్న పట్టుదల చాలామందిని మొదటి డిసెంబరులోనే కూలదోసింది. కొత్తగా ఎవరూ చేరరు కాబట్టి ప్రాక్టికల్స్, ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు పర్యవేక్షించే గైడ్లు ముందుముందు తగ్గిపోవచ్చు. ఆ మూడింటినీ చివరికి నెట్టకుండా ఇప్పుడే ముగించుకోవడం మేలు. ఇంటర్న్‌షిప్‌కు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగం వంటి చోటికి ముందుగానే లేఖ తీసుకుని వెళ్లాలి. సంతకం కోసం కాకుండా రోజూ వెళ్లి కూర్చునేవాళ్లకు అక్కడ నేర్పేవాళ్లు ఉంటారు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. దూరవిద్య అడ్మిషన్లు అని బోర్డు పెట్టుకున్న గదులు మన ప్రతి పట్టణంలో బస్టాండు చుట్టుపక్కల ఉన్నాయి. వాళ్లలో కొందరు ‘పాత సెషన్‌లో వేసేస్తాం’ అనో, ‘విదేశీ విశ్వవిద్యాలయం, పరీక్ష ఫోన్లోనే’ అనో డబ్బు అడుగుతారు. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి విదేశీ సంస్థలు ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీలకు గుర్తింపు లేదని యూజీసీ 2023 డిసెంబరులోనే చెప్పింది. గుర్తింపు ఉన్న దూరవిద్య కోర్సులో చేరాలంటే విద్యార్థి తనంతట తాను యూజీసీ దూరవిద్యా బ్యూరో పోర్టల్‌లో డీఈబీ ఐడీ తీసుకోవాలి. ఎంత ఆశ పెట్టినా, ఆ ఐడీ అడగని చోట, అడిగినా కోర్సు పేరు ఆ పోర్టల్‌లో కనిపించని చోట ఒక్క రూపాయి కూడా కట్టకూడదు.